షిఫ్టు మీదికెక్కిన యంత్రం

ఆ వారం చెయ్యాల్సిన పనులు ఇవి:

స్థాయిల వరుస మార్చడానికి పైకొక బాణం, కిందికొక బాణం పెట్టాలి.
ఒక స్థాయిని తీసేస్తే దాని కిందున్నవన్నీ ఒక్కో మెట్టు పైకి జరగాలి.
తీసేసినదాన్ని మళ్లీ తెస్తే ఎక్కణ్ణుంచి పోయిందో అక్కడికే రావాలి.
ఒకే పేరుతో రెండు స్థాయిలు పెడితే ఒప్పుకోకూడదు.
గురువారం కస్టమరు వస్తున్నాడు. మీటింగు గదిలో పెద్ద తెర వెలుగుతోందో లేదో చూడాలి.
కేకు చెప్పాలి.
పిన్ని కుట్టుమిషనుకి బెల్టు కొనాలి.

చివరిది పిన్ని చెప్పింది. మిగతావన్నీ గురువు చెప్పాడు. గురువంటే పాఠాలు చెప్పినవాడేం కాదు, ఆ జట్టుకి లీడు. కోడు మొదటి వరుస నుంచీ ఆయన చేత్తోనే రాశాడని ఆఫీసంతా అలా పిలిచేది. పని అప్పజెప్పేటప్పుడు మెడలో వేలాడే గుర్తింపు కార్డు మూలతో పళ్లు కుట్టుకుంటూ చెప్పడం ఆయనకి అలవాటు. కుట్టుకున్నాక ఆ మూలని ఒకసారి చూసి చొక్కాకి తుడుచుకునేవాడు.

“ఏమ్మా కొత్తమ్మాయ్, ఇది ఎల్‌కేజీ పని. మెట్లు లెక్కపెట్టడం వస్తే చాలు. బుధవారానికి అయిపోవాలి,” అన్నాడు.

కొత్తమ్మాయి చేరి చాలాకాలమే అయింది. ఆమె తరవాత ఎవర్నీ తీసుకోలేదు కనక ఆ పేరు ఊడలేదు. వాళ్లింట్లో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి ఆమె. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి, జీతం పుచ్చుకున్న చోట తలొంచుకోవాలి అని ఇంట్లో అందరూ తలో మాటా చెప్పి పంపారు. ఆమె అలాగే ఉంది. ఇక్కడ అలా ఉండటం కష్టమేం కాదు, అందరి తలలూ తెరల్లోకి వంగే ఉంటాయి.

వాళ్ల సాఫ్ట్‌వేరు చేసే పని చెప్పుకోడానికి చిన్నదే. కర్మాగారంలో ఎంత సరుకు తయారైంది, ఎంత పాడైంది అన్నది కూడి చూపిస్తుంది. కూడాలంటే ఒక వరుస కావాలి. ఎవరి వరుస వాళ్లే గీసుకుంటారు, దాన్ని మోడలు అంటారు. సీసాల కర్మాగారం వాళ్లు నాలుగు మెట్లు, అంటే నాలుగు స్థాయిలు, పెట్టుకున్నారు: పైన కర్మాగారం, దాని కింద విభాగం, విభాగం కింద షిఫ్టు, షిఫ్టు కింద యంత్రం. ఒక్కో మెట్టుకీ సున్నా, ఒకటి, రెండు, మూడు అని లోపల ఒక సంఖ్య ఉంటుంది. తెర మీద కనిపించేది పేరు. కోడు చూసేది సంఖ్యని. ఆ సంఖ్యలు వరుసగా ఉన్నంతకాలం వాటి సంగతి ఎవరికీ పట్టదు.

మంగళవారం ఉదయం ఆమె ఆ కోడు తెరిచి చదవడం మొదలుపెట్టింది. తీసేసే భాగం మూడే మూడు వరుసలుంది. స్థాయిని జాబితాలోంచి తీసెయ్, దాచెయ్, తెర మళ్లీ గీయ్. కిందున్నవాటి సంఖ్యలు మార్చే మాటే లేదు. కలిపే భాగం ఇంకా పొట్టిది. ఇప్పుడెన్ని స్థాయిలున్నాయో లెక్కపెట్టు, ఆ లెక్కే కొత్తదాని సంఖ్య. ఆమె కాగితం మీద నాలుగు గీతలు గీసి, మూడోదాన్ని కొట్టేసింది. సున్నా, ఒకటి, మూడు మిగిలాయి. రెండు ఖాళీ. కొట్టేసినదాన్ని మళ్లీ కలిపింది. ఉన్నవి మూడు కనక దానికి మూడు అని రాసింది. అప్పటికే అక్కడ ఒక మూడు ఉంది.

ఆమె కుర్చీ వెనక్కి జరిపి పక్కవాణ్ణి పిలిచింది. అతను టెస్టరు. ప్రతిదాన్నీ రెండుసార్లు నొక్కి చూస్తాడని అతనికి ‘అనుమానం’ అని పేరు పెట్టారు. అతనికీ ఆ పేరు నచ్చి, టీ కప్పు మీద కూడా రాయించుకున్నాడు.

“ఇది చూడండి. రెండు స్థాయిలకి ఒకే సంఖ్య వస్తోంది.”

అతను వంగి చూసి నవ్వాడు. ఆ నవ్వు ఆమెకి నచ్చలేదు.

“ఒకే కుర్చీలో ఇద్దరు. నాకు పాత పరిచయమే వీళ్లు.”

“అంటే?”

“ఎప్పుడో రాసిచ్చాను తల్లీ. తీసేసి మళ్లీ పెడితే వరుస తిరగబడుతోందని. మన గురువుగారు ‘అనుకున్నట్టే పనిచేస్తోంది’ అని ఆ ఫిర్యాదు మూసేశారు. తెరిచాను. మళ్లీ మూశారు. తలుపు తీస్తూ వేస్తూ ఉంటే మనకే గాలి తగులుతుందని ఊరుకున్నాను.”

“సంఖ్య ఒకటే అయితే ఏది పైన చూపిస్తుంది?”

“ముందునుంచీ ఉన్నది పైన. కొత్తగా వచ్చింది కింద. అత్తగారి రాజ్యం.”

ఆమెకీ నవ్వొచ్చింది. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

మధ్యాహ్నం గురువు దగ్గరికి వెళ్లింది. ఆయన డబ్బాలో అన్నం తింటూ, తెర మీద ఏదో ఆట చూస్తున్నాడు. మెతుకులు కీబోర్డు సందుల్లో పడుతుంటే చిటికెన వేలి గోటితో తీసి నోట్లో వేసుకుంటున్నాడు.

“సర్, సంఖ్యలు సర్దే కోడు రాస్తున్నాను. ఇప్పటికే తప్పు సంఖ్యలతో ఉన్న పాత మోడళ్ల సంగతేంటి?”

“ఇకమీదట వచ్చేవాటికి సరిగ్గా రానీ. పాతవాటి జోలికెళ్లకు.”

“వాటిలో వరుస తప్పుంటే లెక్క తప్పొస్తుంది కదా సర్.”

“వాళ్లెవరైనా అడిగారా?”

“లేదు సర్.”

“అడగనిదానికి జవాబు చెప్పేవాణ్ణి ఏమంటారో తెలుసా?” అని ఆయనే నవ్వుకున్నాడు. ఏమంటారో చెప్పలేదు. నోట్లో మెతుకులున్నాయి.

గురువారం కస్టమరు వచ్చాడు. సీసాల కర్మాగారంలో ప్రొడక్షను మేనేజరు. పొట్టివాడు, చలాకీ మనిషి. వచ్చీ రాగానే అందరికీ చేతులిచ్చాడు, కొత్తమ్మాయికి కూడా. ఆఫీసు పెద్దాయన స్వయంగా కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. కిటికీలు తెరుచుకోని గది అది. ఎప్పటివో ప్లాస్టిక్ పువ్వులు, వాటి మీద దుమ్ము, కేకు మీది క్రీము వాసన, ఎవరి సాక్సులో నుంచో మరో వాసన. అన్నీ కలిసి గొంతులో కూర్చున్నాయి.

“మీకు థాంక్స్ చెబుదామనే వచ్చానండీ,” అన్నాడు ఆయన, కేకు ముక్క తీసుకుంటూ. “మూతలు బిగించే యంత్రం దగ్గర సీసాలు తెగ పగిలిపోయేవి. ఎవరివల్లో తెలిసేది కాదు. ఒకళ్లనడిగితే ఇంకొకళ్ల మీద చెప్పేవాళ్లు. షిఫ్టుల టైములు మార్చాం చూడండి, అప్పుడు ఆ షిఫ్టు మెట్టు తీసి మళ్లీ పెట్టుకున్నాం. అంతే! అప్పట్నుంచి అద్దంలో చూసినట్టు కనిపించింది. ఇదిగో, చూడండి.”

ఆయన లేచి పెద్ద తెర దగ్గరికెళ్లి నొక్కుకుంటూ పోయాడు. కర్మాగారం. విభాగం. యంత్రం. యంత్రం పక్కన పగిలిన సీసాల కూడిక, ఆ కూడిక పక్కన గుండ్రంగా ఒక ఫొటో, ఫొటో చుట్టూ ఎర్రటి గీత.

నడివయసు ఆవిడ. కర్మాగారం టోపీ కింద జుట్టు లోపలికి తోసుకుంది. ఫొటో తీసేవాడు ఏదో అన్నట్టున్నాడు, నవ్వాలో వద్దో తెలియని మొహం.

“ఒక్క చూపులో దొరికిపోయింది,” అన్నాడు ఆయన. వేలికంటిన క్రీము నాకి, ఆ వేలితోనే ఫొటో మీద కొట్టాడు. తెర మీద జిగట మరక పడింది. “చాలా ఏళ్ల మనిషి. మొదట్లో ఒప్పుకోలేదు. ‘నా చేతిలో అన్ని పగలవు సారూ, నేను ఒక్కో మూతా చూసి పెడతాను’ అని ఒకటే గోల. ఏడ్చింది, కాళ్ల మీద పడబోయింది. నేను ఈ తెర తిప్పి చూపించాను. ఇంకేం మాట్లాడుతుంది? నోరు మూతపడింది. మర్నాటి నుంచి రావద్దన్నాం.”

“డేటా అబద్ధం చెప్పదు కదా సర్,” అన్నాడు గురువు.

“అదే నేనూ అన్నాను!”

అందరూ నవ్వారు. కొత్తమ్మాయి నవ్వలేదు. ఆమె ఫొటోని చూడటం లేదు, దాని పైనున్న వరుసని చూస్తోంది. విభాగం కింద యంత్రం ఉంది. యంత్రం కింద షిఫ్టు ఉంది. షిఫ్టు కింద ఉండాల్సిన యంత్రం దాని నెత్తి మీదికెక్కి కూర్చుంది.

షిఫ్టు పైన ఉండి ఉంటే ఏ షిఫ్టులో పగిలినవి ఆ షిఫ్టు మనిషి పక్కన పడేవి. యంత్రం పైకెక్కేసరికి మూడు షిఫ్టుల్లోనూ పగిలినవన్నీ ఒక్క కుప్పగా పడ్డాయి. ఆ కుప్ప పక్కన ఎవరి బొమ్మ పెట్టాలో కోడుకి తెలియదు. తెలియనప్పుడు మొదటిదాన్ని తీసుకుంటుంది. మొదటిదంటే మొదటి షిఫ్టు మనిషి. ఉదయం పనిచేసి ఇంటికెళ్లి వంట చేసుకుంటున్న మనిషి ఖాతాలో రాత్రి ఎవరో పగలగొట్టిన సీసా పడింది.

ఆమె నోరు తెరిచింది. “సర్, ఆ వరుస...”

“కాఫీ చెప్పమ్మా,” అన్నాడు గురువు, మొహం తిప్పకుండానే. ఎప్పుడో చెప్పాల్సిన మాట గుర్తొచ్చినంత మామూలుగా అన్నాడు. ఆమె లేచి కాఫీ చెప్పడానికి వెళ్లింది. అలవాటు అలాంటిది, కాళ్లు వెళ్లిపోయాక గానీ మనసుకి తెలియలేదు. తిరిగొచ్చేసరికి పెద్దాయన కేకు ముక్క ఆమె చేతిలో పెట్టాడు. “తిను, తిను. ఇది నీ పని కూడా కదా.” అందరూ చూస్తుంటే ఆమె నోట్లో పెట్టుకుంది. తీపి నాలుక మీద సబ్బులా జారింది. బాత్రూముకెళ్లి ఉమ్మేసింది. నోరు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. అయినా పళ్లకి ఏదో అంటుకునే ఉంది.

ఆ సాయంత్రం ఆమె, అనుమానం కలిసి ఆ కర్మాగారం మోడలుకి వేరే కాపీ తీసి వరుస సరిచేసి చూశారు. షిఫ్టు పైకి, యంత్రం కిందికి. ఒక్క మీట. కుప్ప మూడుగా విడిపోయింది. మొదటి షిఫ్టు పక్కన ఉన్నది మూడింటిలోకీ చిన్న అంకె. ఫొటో చుట్టూ గీత ఆకుపచ్చగా మారింది.

అనుమానం టీ కప్పు పక్కన పెట్టేశాడు.

“ఆయన రెండోసారి మూసినప్పుడు నేను మూడోసారి తెరవాల్సింది,” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని కుట్టుమిషను ముందు కూర్చుని, బెల్టు లేక చక్రం చేత్తో తిప్పుతూ తలగడ గలేబులు కుడుతోంది. ఒక చెయ్యి చక్రానికి, ఒక చెయ్యి బట్టకి. కుట్టు పాములా మెలికలు తిరుగుతోంది.

“వచ్చావా మహారాణీ! బెల్టేదే?”

“మర్చిపోయా పిన్నీ.”

“మర్చిపోతావు. అక్కడ కూర్చుని ఊరందరి మెట్లూ సర్దుతావు, నా బెల్టు కోసం నాలుగు మెట్లు దిగలేవు.” చూసి, గొంతు తగ్గించింది. “ఏంటే, ఆ మొహం? ఎవరైనా ఏమన్నా అన్నారా?”

ఆమె నేల మీద కూర్చుని, గలేబుల కుప్ప ఒళ్లోకి లాక్కుని దారాలు కత్తిరిస్తూ మొత్తం చెప్పింది. పిన్నికి స్థాయిలూ సంఖ్యలూ అక్కర్లేదు. “అంటే ముగ్గురు పగలగొట్టింది ఒక్కదాని నెత్తిన రుద్దారు,” అంది. అంతే కదా.

“రేపు పెద్దాయనకి చెప్తాను పిన్నీ.”

“చెప్పి?”

“ఆవిడ ఉద్యోగం ఆవిడకి రావాలి కదా.”

“ఆవిడ మనకి చుట్టమా?”

“కాదు.”

“నిన్ను అడిగిందా?”

“ఆవిడకి నేనున్నట్టే తెలీదు.”

“మరింకేం? నోరుంది తినడానిక్కూడానే. మీ నాన్న నిన్ను చదివించింది ఊళ్లోవాళ్ల తరఫున వాదించడానిక్కాదు. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు.”

పిన్ని మాటకి కూడా ఆమెకి రోత పుట్టింది. మంగళవారం గురువు గొంతులో విన్నదే ఇక్కడ ప్రేమ పూసుకుని వచ్చింది. ఆమె దారాలు కత్తిరిస్తూనే ఉంది. పిన్ని చక్రం తిప్పుతూ తిప్పుతూ ఆపి, దారం పంటితో కొరికింది.

“పిల్లలున్నారా ఆవిడకి?”

“తెలీదు పిన్నీ.”

“ఊఁ,” అని మళ్లీ చక్రం తిప్పింది.

శుక్రవారం పెద్దాయన గదిలో గురువు కూడా ఉన్నాడు. ఆమె నిలబడే చెప్పింది. సంఖ్యలు ఎలా కలిసిపోతాయో, యంత్రం ఎలా పైకెక్కిందో, ఎవరు ఏమైపోయారో. పెద్దాయన ఓపిగ్గానే విన్నాడు. వింటూ బల్ల మీది సీసాలోంచి చేతులు శుభ్రం చేసుకునే మందు పిండుకుని వేళ్ల సందులన్నీ రుద్దుకున్నాడు.

“మంచి పని చేశావమ్మా. పట్టుకున్నావు. వెంటనే సరిచేసేద్దాం.”

“ఆవిడ సంగతి సర్?”

“ఏ ఆవిడ?”

“ఉద్యోగం పోయినావిడ.”

“చూడమ్మా, మన సాఫ్ట్‌వేరు ఎవర్నీ తీసెయ్యదు. అది చూపిస్తుంది. తీసేసేది వాళ్లు. కత్తి అమ్మినవాడు కూర తరిగాడా అని అడుగుతామా?”

“కత్తి వంకరుందని మనకి ముందే తెలుసు కదా సర్.”

గురువు కార్డు నోట్లోంచి తీశాడు. “ఎవరికి తెలుసు?”

“రాసిచ్చారు, మీరు మూసేశారు.”

“రోజుకి ఎన్ని మూస్తానో నీకు తెలుసా? ఒక్కోటీ ఏ ఆవిడ కొంప ముంచుతుందోనని చూసుకుంటూ కూర్చుంటే ఈ ఆఫీసుకి తాళం వెయ్యాలి.” కార్డు మూల చొక్కాకి తుడుచుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఆమెకి ఎక్కువ అసహ్యం వేసింది అందుకే. కోపమైతే ఎక్కడో తగిలినట్టు.

ఆమె తనకున్న ఒక్క ఆధారం పట్టుకుంది. పాత మోడళ్లలో రెండు మెట్లకీ మూడే కనిపిస్తే ఏది పైన పెట్టాలో కోడు ఊహించలేదు. కొందరికి షిఫ్టు పైన ఉండాలి, కొందరికి యంత్రమే పైన ఉండాలి. కాబట్టి వాడేవాళ్లనే అడగాలి. అడగడానికి ఒక మాట తెర మీద రావాలి. అది ఆమె ముందే రాసి తెచ్చింది: ‘ఈ రెండు స్థాయిలకీ ఒకే సంఖ్య ఉంది. ఏది పైన ఉండాలో ఎంచుకోండి. ఇప్పటివరకు మీరు చూసిన కూడికలు తప్పు వరుసలో వచ్చి ఉండవచ్చు.’

పెద్దాయన చదివాడు. మొదటి రెండు వాక్యాలు బాగున్నాయన్నాడు. మూడోది అక్కర్లేదన్నాడు.

“అది లేకపోతే వాళ్లకి ఎలా తెలుస్తుంది సర్?”

“తెలివైనవాళ్లకి తెలుస్తుంది. లేనివాళ్లని భయపెట్టడం ఎందుకు?” అని, లేచి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, మందు ఆరలేదని ఆగాడు. “అన్నట్టు, నిన్ను సీనియర్ని చేద్దామని మొన్నే అనుకున్నాం. నువ్వూ ఒక మెట్టెక్కాలి కదా!”

ఆమె సీటుకొచ్చి మూడో వాక్యం చెరిపేసింది. చెరపడానికి ఎంతసేపు పడుతుంది? మీట నొక్కి పట్టుకుంటే అక్షరాలు వెనక్కి పరిగెత్తి మాయమవుతాయి. అనుమానం చూశాడు. తరవాత అతను తన జీవితంలో మొదటిసారి, ఒక్కసారి మాత్రమే నొక్కి చూసి, సరేనన్నాడు. సోమవారం ఆ మార్పు కస్టమర్లందరికీ వెళ్లిపోయింది. దాంతోపాటు వెళ్లిన కాగితంలో ‘స్థాయిల వరుసలో చిన్న మెరుగుదల’ అని రాశారు.

ఆ మధ్యలో శని, ఆదివారాలు ఆమెకి అన్నం సయించలేదు. తను చేసిందేమిటో ఆమెకి బాగా తెలుసు. తలుపు తీసినట్టే తీసి, అవతలివాళ్లు రాకుండా గొళ్లెం పెట్టింది. స్నానం చేసినా వదలని జిడ్డులా ఉంది ఒంటిమీద.

మంగళవారం ఫోనొచ్చింది. మీటింగు గదిలో పెద్దాయన, గురువు, ఆమె, అనుమానం. బల్ల మధ్యలో స్పీకరు ఫోను. అవతల ప్రొడక్షను మేనేజరు. తిడతాడని ఆమె అనుకుంది. తిట్టాలని కోరుకుంది. పొద్దున్న నుంచీ దానికే సిద్ధపడింది.

“అదిరిపోయిందండీ మీ కొత్తది!” అన్నాడాయన. “తెరవగానే అడిగింది, ఏది పైన అని. షిఫ్టు పైన అని నొక్కాను. ఇంకా బాగా విడదీసి చూపించింది. ఇప్పుడు అసలు దొంగ దొరికింది! మూడో షిఫ్టు. మొహం చూస్తే అమాయకంగా ఉంటుంది, నోట్లో వేలు పెడితే కొరకదు. ఇవాళ్టితో ఆవిణ్ణి కూడా పంపించేస్తున్నాం.”

“సంతోషం సర్,” అన్నాడు పెద్దాయన. “మా సీనియర్ అమ్మాయి చేసింది.”

ఆయన ఆమె వైపు చూసి నవ్వాడు. వరుస సరిచేస్తే ఒక మనిషి వెనక్కొస్తుందని ఆమె అనుకుంది. వరుస సరిపోయింది. ఇంకో మనిషి పోతోంది. అవతల గదిలో ఎర్రగీత ఇంకో మొహం చుట్టూ పడింది. అది గీసింది తనే.

“సర్, ఆగండి,” అంది.

ఎవరి గొంతో తెలియక అవతలాయన “ఎవరూ?” అన్నాడు.

“ఆ మెట్లు రాసింది నేనే సర్. మీరు మొదట చూసిన లెక్క తప్పు. మూడు షిఫ్టులవీ కలిపి మొదటి షిఫ్టు ఆవిడ మీద చూపించింది. మూడింటిలోకీ ఆవిడ దగ్గరే తక్కువ పగిలాయి.”

గురువు చెయ్యి ఫోను మీదికి వెళ్లింది, గొంతు ఆపే మీట కోసం. అనుమానం ఫోనుని తన వైపు లాక్కుని, రెండు అరచేతులూ దాని మీద పెట్టుకుని కూర్చున్నాడు, పిల్లిని ఒళ్లో పెట్టుకున్నట్టు. గురువు వేళ్లు బల్ల మీద ఖాళీగా మిగిలాయి.

“ఆ తప్పుందని మాకు ముందే తెలుసు సర్,” అంది ఆమె. “మీకు చెప్పలేదు. ఇప్పుడు చూస్తున్నది కూడా మా లెక్కే. ఇంకోసారి నమ్మి ఇంకొకళ్లని తియ్యకండి. రాత్రిపూట యంత్రం ఎలా నడుస్తోందో, మూతలు ఎలాంటివి వస్తున్నాయో మాకు తెలీదు. మా సాఫ్ట్‌వేరుకీ తెలీదు. దానికి తెలిసింది కూడటమే.”

అవతల యంత్రాల రొదలో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

“అమ్మాయ్,” అన్నాడాయన చివరికి. గొంతులో చలాకీతనం పోయింది. “అయితే ఆవిణ్ణి తీసేసిన కాగితం మీద సంతకం నాది.”

“అవును సర్. ఆవిడకి చెప్పారా?”

“ఏం చెప్పాలి?”

“తప్పు ఆవిడది కాదని.”

“అదేంటమ్మా,” అన్నాడు ఆయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. “ఆ సంగతి ఆవిడకి మొదట్నుంచీ తెలుసు కదా!”

పెద్దాయన చేతులు రుద్దుకోవడం ఆపాడు. ఆయనకి కూడా ఆ మాట ఎక్కడో తగిలిందేమోనని కొత్తమ్మాయి చూసింది. ఆయన గడియారం చూసుకుంటున్నాడు.

“ఆవిణ్ణి మళ్లీ పిలవండి సర్,” అంది.

“ఆ చోట్లోకి వేరే మనిషి వచ్చేసిందమ్మా. ఇప్పుడు పిలిస్తే పైవాళ్లు నన్నడుగుతారు, అప్పుడెందుకు తీశావని. సరే. మూడో షిఫ్టు సంగతి ఆపుతాను. మీరు తేల్చి, రాసి సంతకం పెట్టి పంపేదాకా ఎవర్నీ కదపను. రెండోసారి కూడా తప్పని తేలితే నా మెడకి చుట్టుకుంటుంది.”

ఆయన ఆపింది న్యాయం కోసం కాదు, మెడ కోసం. అయినా ఆగింది. మూడో షిఫ్టు మనిషి ఆ రాత్రి పనిలోకి వెళ్లి ఉంటుంది. ఎందుకు మిగిలిందో ఆవిడకి తెలియదు, పోబోయిందని కూడా తెలియదు.

ఫోను పెట్టేశాక పెద్దాయన “నువ్వు ఎవరి తరఫమ్మా?” అని ఒక్క ప్రశ్న వేశాడు. జవాబు కోసం ఆగలేదు. సీనియర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆమెని మెట్ల పనిలోంచి తీసి, మీటల రంగులు సర్దే పనిలో పెట్టారు. గురువు అదే మొహంతో, అదే కార్డుతో, “ఏమ్మా కొత్తమ్మాయ్, ఇది ఎల్‌కేజీ పని,” అని అప్పజెప్పాడు. ఆ శనివారం ఆమె బస్సెక్కి కర్మాగారం గేటు దగ్గరికి వెళ్లి, మొదటి షిఫ్టు వదిలే వేళకి నిలబడింది. టోపీలు తీసి దులుపుకుంటూ బయటికొస్తున్న ఆడవాళ్లని అడిగింది. వాళ్లకి ఆవిడ తెలుసు. ఇల్లు ఖాళీ చేసి అన్నగారి దగ్గరికి వెళ్లిపోయిందన్నారు, ఏ ఊరో సరిగ్గా తెలియదన్నారు.

“ఎందుకమ్మా, నువ్వేమవుతావు?” అని అడిగింది ఒకామె.

“తప్పు ఆవిడది కాదని చెబుదామని వచ్చాను.”

ఆ ఆడవాళ్లు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. “మాకు తెలీదేంటి?” అంది ఒకామె. ఇంకొకామె “ఇంత దూరం వచ్చావు, మంచినీళ్లు తాగు,” అని తన సీసా తీసి ఇచ్చింది. దాని మూత గట్టిగా, సరిగ్గా బిగించి ఉంది. కొత్తమ్మాయి తాగి, మూత పెట్టి, తిరిగిచ్చేసింది.

ఇది చదివినవాళ్లని నేను అడిగేది పెద్ద సాయమేం కాదు. ఎక్కడైనా తెర మీద ఒక మనిషి ఫొటో చుట్టూ ఎర్రగీత చూస్తే, పక్కనున్న అంకెని నమ్మేముందు ఒక్క క్షణం ఆగండి. టోపీ కిందికి జుట్టు తోసుకుని, నవ్వాలో వద్దో తెలియక నిలబడ్డ ఆవిణ్ణి గుర్తుచేసుకోండి. తను చేయలేదని ఆవిడకి తెలుసు. చేయలేదని ఆవిడ చెప్పింది కూడా.